బసన్న స్కర్టులో ఎడమ డాటు

మంగళవారం రాత్రి, గద్వాల

మా ఇద్దరి టైలరింగ్ కొట్టు విడిపోయినప్పుడు నా అట్ట నమూనాలు ఎత్తుకుపోయిన బసన్న, ఇన్నేళ్లకు ఈ రోజు నా తలుపు కొట్టాడు. చేతిలో నీలం స్కర్టు.

"అన్నా, ఎవ్వరికి తొడిగినా ఎడమకే గుంజుతుంది. నీ అట్ట మీదనే కోసిన. ఎల్లుండి వనపర్తి బడి పిల్లలకు ఇయ్యాలె. జర చూడరాదే!"

నడుము దగ్గర గుడ్డ మడిచి కుట్టిన డాట్లు చూడగానే తెలిసింది. ఎడమది కుడిదానికంటే అరంగుళం ఎక్కువ లోతు. పోలియోతో ఎడమ తుంటి సన్నబడిన మా చెల్లెలి కోసం గీసిన నమూనా అది. దొంగకు ఆ సంగతెలా తెలుస్తుంది?

"గుడ్డ మంచిది గాదు. పెద్ద టైలర్‌వి, గంత తెల్వదా?" అన్నాను.

తల వంచుకుని పోయాడు.

పగ తీరితే మనసు చల్లబడుతుందని ఎన్నో పుస్తకాల్లో చదివాను. అబద్ధం. స్కర్టు ఒక పక్కకు జారితే బడిలో చెల్లెల్ని చూసి నవ్వేవాళ్లు. ఆ నవ్వు ఆపడానికే ఆ డాటు వేశాను. ఎల్లుండి ఎంతమంది ఆడపిల్లలను చూసి నవ్వుతారో!

విప్పి కుట్టడానికి రేపొక్క రోజుంది. బసన్న ఇల్లు రెండు వీధుల అవతలే. కానీ వాడి తలుపు నేను కొట్టడమా?

ఈ రోజు నా తలుపు వాడు కొట్టాడు కదా...