లోర్నా సైకిలు మీద గీతలు

ఇల్లు, జూన్ మూడో వారం

ప్రియమైన లోర్నా,

రేపు ఎమ్మెట్ సామాన్లు మోసే కంచరగాడిదలతో నీ కొండెక్కుతున్నాడు. పిండి, కాఫీ, నీ మోకాలి మందు మూటకట్టి ఇచ్చాను. అడవిలో నిప్పు కాపలా ఎలా ఉంది? పొగలేమైనా కనిపించాయా? ఇక్కడ అంతా బాగానే ఉంది. నీ కొత్త సైకిలు కూడా బాగానే ఉంది, ఒక్కటి తప్ప.

ఉద్యోగమంతా బీమా కంపెనీకి నష్టాల అంచనాలు రాసినవాణ్ణి, ఉన్నది దాచి రాయడం నాకు చేతకాదు. చైను వైపు, ముందు పళ్ళచక్రం వెనకాల, ఫ్రేము గొట్టం మీద లోపలి వైపున గీత పడింది. వేలు పొడవుంటుంది. నువ్వు ముచ్చటపడి వేయించుకున్న హకిల్‌బెర్రీ పండు ఊదా రంగు లేచిపోయి ఇనుము కనిపిస్తోంది. గరాజు గోడకి ఆనించి ఉంటే పడిపోయింది. అదే అయ్యుంటుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. గుండె బాగుందన్నాడు. ఒళ్ళు కదపమన్నాడు. సరేనన్నాను.

నీ
వెండెల్

*

కొండ మీద, జూన్ చివర

ప్రియమైన వెండెల్ (ఇవాళ ప్రియం కాస్త తక్కువే అనుకో),

నా చెవిలో పువ్వులు పెట్టకు. గోడకి ఆనించిన సైకిలు పడితే హ్యాండిలు గీసుకుంటుంది, పెడలు చివర గీసుకుంటుంది. పళ్ళచక్రం వెనకాల లోపలికి గోడ ఎలా దూరిందో నీ అంచనాలో అదీ రాయాల్సింది.

అది చైను కొరికిన గీత. ఎవరో దాన్ని ఎత్తు ఎక్కిస్తూ, ఒంటి బరువంతా పెడలు మీద వేసి, అప్పుడు గేరు మార్చారు. చైను పళ్ళని వదలకుండా పైకి లేచి ఫ్రేముకీ చక్రానికీ మధ్య ఇరుక్కుంది. ఇలాంటివి నా రిపేరు షాపుకి వారానికొకటి వచ్చేవి. తెచ్చిన ప్రతివాడూ గోడకి ఆనించాననే చెప్పేవాడు.

పక్కింటి కర్టిసే కదూ? గుండెపోటుతో ఆసుపత్రికి వెళ్ళొచ్చిన నెలకే నీ సైకిలు తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టావు, నాకింక దీంతో పనేముందని. అతనికి నీది చాల్లేదా, ఇప్పుడు నాది కూడా కావలసొచ్చిందా?

ఊళ్ళోవాళ్ళ సైకిళ్ళన్నీ బాగుచేస్తూ, వాళ్ళు పారేసిన ముక్కలతో కట్టుకున్న దాన్నే ఇన్నాళ్ళూ తొక్కాను. నా కొలతకి, నేనడిగిన రంగులో, కొత్తది కొనుక్కోవడం ఇదే మొదలు. వచ్చిన మర్నాడే ఇక్కడికి రావలసొచ్చింది. నేనింకా దాని సీటు మీద సరిగ్గా కూర్చోనే లేదు వెండెల్. దానికి తాళం వెయ్యి.

లోర్నా

*

ఇల్లు, జులై

ప్రియమైన లోర్నా,

తాళం కనిపించలేదు.

ఇంకో రెండు విషయాలు. గీత ఇంకా పెద్దది కాకూడదని ఆ గొట్టానికి పాత ట్యూబు కోసి గట్టిగా చుట్టాను. మంచి పనే అనుకున్నాను. ఉన్న కాస్త సందూ పోయి చైను మునుపటికంటే గట్టిగా ఇరుక్కుంది. ఒక లింకు వంగింది. వెనక్కి తిప్పితే టక్‌మని ఆగుతోంది. స్క్రూడ్రైవరుతో పైకి లేపబోతే అది జారి పక్కన ఇంకో గీత పడింది. ఈ ఒక్క గీత మాత్రం నాదేనని ఒప్పుకుంటున్నాను.

రెండోది సీటు కింద కడ్డీ. దాని చుట్టూ గాజుల్లాగా సన్నటి గీతలు పడ్డాయి. అవి ఎలా పడ్డాయో నాకు తోచలేదు.

కర్టిస్ సంగతి తర్వాత రాస్తాను. ఎండలు ముదిరాయి. నువ్వు నీళ్ళు సరిగ్గా తాగుతున్నావా?

నీ
వెండెల్

*

కొండ మీద, జులై

వెండెల్,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండిపోయింది. పొగ కనిపిస్తే కిందకి రేడియోలో చెప్పడం నా పని. ఇవాళ పొగ నా నెత్తి మీంచే వచ్చింది. స్క్రూడ్రైవరు ఎవడు పెట్టమన్నాడు నిన్ను? ఆ ట్యూబు ముందు తీసెయ్.

నువ్వు కర్టిస్‌ని ఏమీ అనలేవని తెలిసి నేనే అతనికి రాశాను. ఇదే మూటలో వస్తోంది. పరాయివాళ్ళ సొత్తు ముట్టుకునేముందు అడగాలని చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదా అని అడిగాను. ఇంకా చాలా అడిగాను. మళ్ళీ చదివితే చింపేస్తానేమోనని చదవకుండా అంటించేశాను.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను. కోపంలో ఉన్నప్పుడే నోరు పెగులుతుంది. ఈ వయసులో నేనీ కొండెక్కింది అడవి మీద ప్రేమతో కాదు. నీ కుర్చీని చూళ్ళేక. రెండేళ్ళుగా టీవీ ముందు ఆ కుర్చీలో నువ్వు, పక్కన మందుల డబ్బా. కాస్త నడుద్దాం రమ్మంటే రేపు అంటావు. నాకు గుండెజబ్బు మనిషంటే భయం లేదు. బతికుండగానే బతకడం మానేసిన మనిషితో ఉండటం నా వల్ల కావడం లేదు. స్పోకేన్ ఊళ్ళో మా అక్క నాకోసం గది ఖాళీగా ఉంచింది. సెప్టెంబరులో కొండ దిగాక ఇంటికి వస్తానో అక్కడికి వెళ్తానో నాకే తెలియదు. ఇక్కడికి వచ్చేముందు వరండాలో ఇదే చెబితే నువ్వు టీవీ గొంతు పెంచావు. అందుకే రాసి పంపుతున్నాను.

లోర్నా

*

ఇల్లు, ఆగస్టు

ప్రియమైన లోర్నా,

నా తల ప్రాణం తోకకి తెచ్చావు. కర్టిస్ నీ ఉత్తరం పట్టుకుని ఇంటి మీదకి వచ్చాడు. "నీ పెళ్ళాం నన్ను దొంగని చేసింది. ఆ సైకిలు రంగేంటో కూడా నాకు తెలీదు. నీ పాతది కూడా నువ్వు బతిమాలితే కదా తీసుకున్నా? ఇదిగో, నీది నువ్వే పెట్టుకుని ఏడువు" అని నా పాత సైకిలు గుమ్మంలో పడేసి పోయాడు. అప్పుడెప్పుడో తీసుకెళ్ళిన మన ఆకులు ఊదే మిషను మాత్రం ఇవ్వలేదు.

తప్పు అతనిది కాదు. ఎవరిదని అడక్కు. క్షమించమని అతనికి నువ్వొక ముక్క రాయాలి.

నష్టం వివరాలు. ఆదివారం చైను తెగింది. ఆ వంగిన లింకు దగ్గరే. తెగిన కొస విసురుగా తగిలి ఫ్రేము మీద కొత్త గీతలు పడ్డాయి. అన్నీ చైను వైపే. రెండో వైపు మాత్రం చెక్కుచెదరలేదు. అటునుంచి చూస్తే కొత్తదానిలాగే ఉంది.

స్పోకేన్ సంగతి చదివాను. ఇలాంటివాటికి జవాబు చెప్పడం నాకు రాదని నీకు తెలుసు. తొందరపడి అక్కకి ఏమీ చెప్పకు. అంతే అడుగుతున్నాను.

నీ
వెండెల్

*

కొండ మీద, ఆగస్టు

ప్రియమైన వెండెల్,

పొద్దస్తమానం బైనాక్యులర్స్ పెట్టుకుని చుట్టూ చూడటమే నా ఉద్యోగమన్న సంగతి నువ్వు మర్చిపోయినట్టున్నావు.

ఆదివారం కొండ కింద, బళ్ళు దాటలేని ఆ వంతెన అవతల మన ట్రక్కు కనిపించింది. ఇంకాసేపటికి నా కొండకెక్కే మట్టిరోడ్డు రెండో మలుపులో, నువ్వు వేటకి వేసుకునే నారింజ రంగు చొక్కా. దాని కింద నా సైకిలు. నిటారుగా ఉన్న చోట, లేచి నిలబడి, బలమంతా వేసి, సరిగ్గా అప్పుడే గేరు మార్చావు. ఇక్కణ్ణుంచి వద్దు వద్దని కేకేశాను. గాలికి తప్ప ఎవరికి వినిపిస్తుంది? చైను తెగింది. నువ్వు రోడ్డు పక్కన కూలబడి గుండె మీద చెయ్యి పెట్టుకున్నావు.

నా ప్రాణం పోయింది వెండెల్. రేడియో చేతిలోకి తీసుకున్నాను. ఇంతలో లేచి సైకిలుని తిట్టడం మొదలెట్టావు. మాటలు వినిపించలేదు గానీ నీ చేతులు చూస్తే అర్థమైంది. ఇంత ఓపిగ్గా తిట్టేవాడి గుండెకి ఢోకా లేదని రేడియో పెట్టేశాను. ఆ తర్వాత సైకిలు నెట్టుకుంటూ దిగిపోయావు. నేను గదిలోకెళ్ళి ఏడ్చాను. సంతోషమో మంటో నన్నడక్కు. రెండూనేమో.

ఇక సీటు కింద గాజుల గీతలు. నువ్వు నాకంటే జానెడు పొడుగు. తొక్కడానికి వెళ్ళేటప్పుడు సీటు పైకి లేపడం, రాగానే నాకు తెలియకూడదని మళ్ళీ నా ఎత్తుకి దించడం. వేసవంతా అదే పని చేస్తే గాజులు పడవా? నువ్వది రాసినప్పుడే నేను పోల్చుకోవాల్సింది. కర్టిస్ మీద కోపంతో కళ్ళు కనిపించలేదు. అతనికి రాస్తున్నాను.

నా దాకా ఎక్కలేక సగంలో దిగిపోతే నాకు తెలియకూడదనేగా ఇంత దొంగతనం? నాకు తెలిసింది. సగం దాకా వచ్చావని తెలిసింది. అక్కకి ఆ గది ఎవరికైనా ఇచ్చుకోమని ఈ మూటలోనే రాసి పంపుతున్నాను.

ఇప్పుడు నేను చెప్పేది బుద్ధిగా విను. ట్యూబు తీసెయ్. గీతల మీద ఇనుము తుప్పు పట్టకుండా నా గోళ్ళరంగు పూయి, ఏ రంగైనా ఫరవాలేదు. చైను మొత్తం కొత్తది వెయ్యి, అతకకు. ఎత్తు మొదలవకముందే, కాళ్ళు తేలిగ్గా ఉన్నప్పుడే గేరు మార్చు. అన్నిటికంటే ముఖ్యం, నా సైకిలు మీంచి దిగు. నీది ఇంటికొచ్చిందిగా, దాన్ని తొక్కు.

నాదాన్ని సెప్టెంబరు మూటలతో ఎమ్మెట్‌కి ఇచ్చి పైకి పంపు. గాడిద మీద కట్టి తెస్తే ఆ రెండో వైపు కూడా గీసుకుపోతుందని తెలుసు. పోనీ. కాపలా ముగిసే రోజు నువ్వు నీ దాని మీద ఎక్కి రా. ఎక్కలేని చోట నెట్టుకుంటూ రా, ఇక్కణ్ణుంచి చూస్తూనే ఉంటాను. దిగేటప్పుడు ఇద్దరం తొక్కుకుంటూ ఇంటికి పోదాం.

నీ
లోర్నా