నవాబు తోటలో పులి డొక్కలు

మాఘ శుద్ధ దశమి, బుధవారం
అమీర్‌పేట

కొడుకు రాజయ్యకు దగ్గు తగ్గింది. కోడలి నడుము నొప్పి అట్లాగే ఉంది. మనవరాలు రుక్కమ్మ బాగానే తింటోంది, కానీ ముఖం ఎందుకో పాలిపోయింది. నా మోకాళ్లు, గుండెదడ ఎప్పుడూ ఉండేవే.

ఈ రోజు పంజాగుట్ట అవతల నవాబు జంతువుల తోట చూశాం. రాజయ్య నవాబు ఇంటివాళ్లకు బట్టలు కుడతాడు కాబట్టి, వాళ్ల ఆడవాళ్లు తిరిగే పరదాల మోటారులో లోపలంతా తిప్పారు. నేను పోయింది జంతువుల కోసం కాదు. రుక్కమ్మకు అనుకున్న పిల్లవాడు వీరేశం అక్కడ పులికి తిండి పెడతాడు. వాడి చేయి ఎట్లాంటిదో చూడాలని పోయాను.

ఏం తోట అది! నెమలికి తోక లేదు. ఎలుగుబంటి చిరిగిన బొంతలాగా ఉంది. పులి డొక్కలు లెక్కపెట్టొచ్చు. దాన్ని నరభక్షి అని నవాబు గొప్పలు చెప్పుకుంటాడట. సిగ్గులేని మనిషి!

కంచె పక్కన నిలబడ్డ వీరేశాన్ని చూసి కడుపు మండింది. పరదా లాగి అడిగాను.

"ఓ పిలగా, పులి తిండి నువ్వే తింటున్నవా?"

"అమ్మా, జర గమ్మునుండు!" అన్నాడు రాజయ్య.

వీరేశం నవ్వలేదు. "ముసల్దైంది అవ్వా. నోట్ల పండ్లు లేవు. మాంసం మెత్తగ దంచి ముద్దలు చేసి పెడుతున్న. నేను గీడ కూసుంటేనే తింటది."

మా కోడలికి అంత ఓపిక లేదు. నాకు జొన్నరొట్టె గట్టిగానే పడేస్తుంది.

వాడి ఒంటికి మాంసం వాసన ఉంటుందేమో. రుక్కమ్మ ఏమంటుందో...

సోమవారం పున్నమి. ఆ రోజు బాగా స్నానం చేసి పిల్లను చూడటానికి రమ్మని కబురు పెట్టించాను.