నా కొలతకి కుదిరిన బండి

అప్పకి,

నీ చెల్లి గౌరి రాస్తున్నాను. మేమిద్దరం ఇక్కడ బాగానే ఉన్నాం. అమ్మ మోకాలు ఎలా ఉంది? చలికి మళ్ళీ పట్టేసిందా? బావ లారీ ఇంకా రాయగడ వైపే వెళ్తోందా? చిట్టి ఏడవకుండా బడికి వెళ్తోందా? మీరందరూ బాగున్నారని తెలిస్తే నాకు సగం బెంగ తీరుతుంది.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని బావ నవ్వుతారని తెలుసు. ఫోను మా ఆయన దగ్గర ఉంటుంది. నా చేతికి ఇచ్చినా పక్కనే నిలబడతారు. అక్కడ మీరు స్పీకరు పెడతారు, అమ్మతోపాటు పక్కింటివాళ్ళూ వింటారు. అప్పుడు "బాగున్నాం" అన్న మాట తప్ప నా నోట ఇంకోటి రాదు. ఇది ముందు నువ్వొక్కదానివే చదువు. అమ్మకి చదివేటప్పుడు ఏది వదిలెయ్యాలో నీకే తెలుస్తుంది.

మేమున్నది గుజరాత్‌లో, కచ్ దగ్గర ఉప్పునేల అంచున. షెడ్డు, దాని పక్కన మా గది. వానాకాలంలో ఇక్కడంతా నీళ్ళేనట. చలికాలానికి అవి ఎండి, పైన ఉప్పు గట్టిపడి నేల రోడ్డులా అవుతుంది. మొదటిరోజు చూసి, ఎవరో ముగ్గుపిండి బస్తాలు ఒంపేశారనుకున్నాను. చెట్టు లేదు. మధ్యాహ్నం ఆ తెలుపుకి అందరి కళ్ళూ నీళ్ళు కారతాయి, అందుకని ఎందుకు ఏడుస్తున్నావని నన్ను ఎవరూ అడగరు. మంచినీళ్ళు ట్యాంకరులో వస్తాయి. పక్క గదిలో వాచ్‌మన్ భార్య ఉంటుంది. మంచి మనిషి, భాష తెలియక మా ఇద్దరివీ చేతుల మాటలే. నువ్వు పంపిన ఎండు మెత్తళ్ళు ఒకసారి వేయించాను. ఆ చేపల వాసనకి ఆమె తలుపేసుకుని మర్నాటిదాకా తియ్యలేదు. మళ్ళీ వేయించలేదు.

సాలూరులో ఆయన లారీ క్యాబిన్లకి రేకు కొట్టిన పని చూసి ఈ షెడ్డు యజమాని సేఠు ఇంత దూరం తీసుకొచ్చాడు కదా. ఏదో కొత్తరకం బండి అని మాత్రమే మీకు చెప్పాను. అది మోటారు సైకిలే, కానీ చూస్తే నువ్వు అలా అనవు. పడవలా పొడుగు, మంచమంత ఎత్తు కూడా లేదు. మనిషి అందులో కాళ్ళు ముందుకి చాపి వెల్లకిలా పడుకోవాలి. పైన రేకుమూత బిగిస్తారు. కళ్ళ ఎదురుగా చిన్న అద్దం ఉంటుంది. అది మలుపు తిరగదు, తిన్నగా పోతుందంతే. ఆపడానికి వెనక నుంచి గొడుగులాంటి గుడ్డ తెరుచుకోవాలి. తనంత తాను నిలబడలేదు. ఇద్దరు చెరోవైపు పట్టుకుని కదిపితే, జోరందుకున్నాక అదే నిలబడుతుంది. ఇంత చిన్న ఇంజనుతో అంత వేగం ఎవరూ పోలేదని పేరు రావాలట. అది సేఠు కోరిక. నడిపేది మాత్రం మీ మరిదే.

"నువ్వెందుకు మావా, తోలడానికి ఇంకెవరూ లేరా?" అని అడిగాను.

"సాలూర్లో ఎన్ని లారీలకి రేకు కొట్టినానే? ఒక్కదాని మీద నా పేరున్నాదేటి? అన్నీ ఓనరు పిల్లల పేర్లే. దీని మీద నా పేరు రాస్తారు" అన్నారు. అంత సంతోషంగా ఆయన మాట్లాడటం పెళ్ళయ్యాక అప్పుడే చూశాను.

తర్వాత జరిగింది చెబుతాను. బండి ఎంత సన్నగా ఉంటే గాలి అంత తక్కువ ఆపుతుందట. అందుకని లోపల మనిషిని పడుకోబెట్టి, ఒంటికి ఆనేలా పైన రేకు వంచాలి. వంచేది ఆయనే కాబట్టి ఆయన లోపల పడుకోవడం కుదరదు. వెల్డింగుకి ఆయనతో వచ్చిన అప్పలరాజు మన చీపురుపల్లివాడే, వాడి బొజ్జ పట్టదు. ఇంజనీరు పూనా మనిషి, తాటిచెట్టంత ఉంటాడు. చివరికి నా వైపు చూశారు.

"తొంగోయే. సిగ్గేటి, అందరూ మనోళ్ళే" అన్నారు ఆయన.

మెడదాకా దుప్పటి కప్పుకుని పడుకున్నాను. నేను జాకెట్లు కుట్టే టేపుతోనే ఆయన భుజాలు కొలిచి, నా భుజాలకి అటూ ఇటూ చెక్కముక్కలు పెట్టి ఆయన కొలతకి సరిచేశారు. ఆయన సుత్తి రేకు మీద పడుతుంటే లోపల నా పళ్ళు అదిరేవి. మూత పెడితే నా ఊపిరి నా మొహానికే కొట్టేది. ఒకసారి పిలిచాను, ఆయనకి వినబడలేదు. అద్దంలోంచి ఆయన చొక్కా గుండీ ఒక్కటే కనబడేది. ఈ ముక్క అమ్మకి చదవకు.

ఇంజనీరు కంప్యూటరు చూసుకుని ఇంకా సన్నం చెయ్యాలనేవాడు. అన్నప్పుడల్లా ఆయన ఒక చెక్కముక్క తీసేసేవారు. "నాను తగ్గుతాన్లే" అనేవారు. అలా తీస్తూ తీస్తూ నా పక్కన చెక్కలే లేకుండా పోయాయి. రేకు నా భుజాలకి ఆనింది. అప్పలరాజు చూసి, "ఒదినా, నీకు జాకెట్టులాగ కుదిరిపోనాది. నువ్వే తోలీ, అన్న ఎనకాల తోసుకొస్తాడు" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు.

జాకెట్టు కుట్టినప్పుడు లోపల కాస్త గుడ్డ వదులుతాం కదా అప్పా, మనిషి ఒళ్ళు చేస్తే కుట్టు విప్పుకోవడానికి. ఈ బండికి అలాంటిదేమీ వదల్లేదు.

అప్పటినుంచి ఆయన తిండి మానేశారు. నేను అడిగితే "తినీసినాను" అంటారు. పొద్దున అడిగినా అదే మాట, రాత్రి అడిగినా అదే మాట. క్యారేజీ ఖాళీగా వస్తోంది కదా అని నమ్మాను. ఒకరోజు అప్పలరాజే నా దగ్గరకి వచ్చి, "ఒదినా, రోజూ రెండు క్యారేజీలు తినలేకపోతన్నాను. నా బొజ్జ సూడు. అన్న సెప్పొద్దన్నాడు" అన్నాడు. ఆయన మొలతాడు జారిపోతుంటే రెండుసార్లు ముడి వేసి బిగించాను. చెంపలు లోపలికి పోయాయి. లేచి నిలబడితే గోడ పట్టుకుంటున్నారు.

"ఎముక తగ్గదు మావా" అన్నాను.

"ఎముక మీద కండుంటాది కాదేటి. అది పోతే సాలు."

"పోయింది మళ్ళీ వస్తాదా?"

"నీకేటి తెలుసు, ఊరుకో" అన్నారు. కాసేపటికి ఆయనే, "ఇంజనీరు ఏరే మనిసిని తెస్తానంటన్నాడు. నా సేత్తో సేసినదాంట్లో ఇంకోడు తొంగుంటే నాను సూస్తూ నిలబడాలేటి?" అన్నారు.

నేను ఎవరితోనూ మాట్లాడనని నీకు తెలుసు. అయినా ధైర్యం చేసి సేఠు ముందు నిలబడ్డాను. మా ఆయన తిండి తినడం లేదు, బండి కాస్త వెడల్పు చెయ్యమనండి అని అప్పలరాజుతో చెప్పించాను. వాడు హిందీలో ఏదో చెప్పాడు. సేఠు సంతోషంగా తలూపి నాకు దండం పెట్టాడు. బయటికి వచ్చాక ఏం చెప్పావురా అంటే, "ఇక్కడ అంతా బాగున్నాదని సెప్పినాను ఒదినా. నువ్వన్నది సెప్తే అన్న పని పోతాది, నా పనీ పోతాది" అని తల దించుకున్నాడు. వాడినేమనగలను? చెప్పగలిగేది వాడొక్కడే.

నిన్న ఆయన అందులో పట్టారు. మూత బిగిసింది. అందరూ చప్పట్లు కొట్టారు. సేఠు పేడా మిఠాయి తెచ్చి స్వయంగా ఆయన నోట్లో పెట్టాడు. ఆయన దాన్ని బుగ్గన పెట్టుకుని, అందరూ అటు తిరిగాక షెడ్డు వెనక్కి వెళ్ళి ఉమ్మేశారు. అంతకు ముందు, మూత తీసి బయటికి రమ్మంటే రాలేకపోయారు. అప్పలరాజు ఒకవైపు, ఇంజనీరు ఒకవైపు పట్టుకుని లేపారు. చేతులు వదిలితే పడిపోతారని అలాగే కాసేపు నిలబెట్టి ఉంచారు, బండిని నిలబెట్టినట్టే.

సాయంత్రం రంగు డబ్బా తెచ్చి, "ఇక్కడ మన అచ్చరాలు ఎవులికీ రావు. నువ్వు రాయే" అన్నారు. రేకు మీద ఆయన పేరు 'సింహాచలం' అని రాశాను. బాగానే వచ్చింది. ఆయన చాలాసేపు చూసుకున్నారు.

నేల ఆ చివర ఇంకా చెమ్మగా ఉందట. అది ఆరగానే నడుపుతారు. పొద్దున్నే అందరూ మడమతో ఉప్పు నొక్కి చూస్తారు, ఆకాశం చూస్తారు. నేనూ ఆకాశం చూస్తాను.

అప్పా, పైడితల్లమ్మకి కొబ్బరికాయ కొట్టించు. మా క్షేమానికని అమ్మకి చెప్పు. నువ్వు మాత్రం ఇక్కడ వాన పడాలని మొక్కు. ఒక్క గట్టి వాన కురిస్తే ఉప్పంతా బురదవుతుంది, ఈ ఏడాదికి ఎవరూ బండి తియ్యరు, ఆయన అన్నం తింటారు. మన నారుమడి ఎండిపోయినప్పుడు రోకలికి కప్పని కట్టుకుని నువ్వూ నేనూ ఇల్లిల్లూ తిరిగాం, గుర్తుందా? వాన అడగడం మనకి కొత్త కాదు. ఇది వానల కాలం కాదని నాకూ తెలుసు. వాచ్‌మన్ భార్యని వాన పడుతుందా అని చేతులతో అడిగాను. ఆమె ఆకాశం చూసి, నవ్వి, తల అడ్డంగా ఊపింది.

ఆయనకి అంబలి కాయమని చోడిపిండి పంపానన్నావు, అందింది. డబ్బా మూత ఇంకా తియ్యలేదు, ఇక పంపకు. నా కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంచు, చిట్టిని చక్రం తిప్పనివ్వకు. అమ్మకి, బావకి నా దండాలు. అత్త కనబడితే ఆవిడ కొడుకు బాగానే ఉన్నారని చెప్పు. ఆయన తరఫున కూడా నేనే మీ అందరి దీవెన అడుగుతున్నాను.

ఈ ఉత్తరం నీ చేతికి వచ్చేసరికి నేల ఆరిపోయి ఉంటుంది. అయినా మొక్కు.

నీ చెల్లి,
గౌరి