తువ్వాలు వేసిన బెడ్డు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం కులాసా. నువ్వు కులాసానో కాదో టీవీ చూసి తెలుసుకుంటున్నాం. ఫోను చేస్తే అది నీ లాకర్లో మోగుతోందట గదా, అందుకే ఈ ఉత్తరం.

నిన్న మీ ఆసుపత్రిని చూపించారు. వరండాలో జనం, మెట్ల మీద జనం, గేటు బయట జనం. మీ అత్తయ్య నీ కోసం కళ్ళు చికిలించుకుని వెతికింది. నర్సులందరూ తెల్ల సంచుల్లో దూరినట్టున్నారు, అందులో నువ్వెవరో ఎలా తెలుస్తుంది? ఆఖరికి ఒక సంచి నడుం మీద చేతులు పెట్టుకుని ఎవరినో కసురుతుంటే "అదిగో, మన పిల్ల" అంది.

మా వీధి హడలిపోయి ఉంది. ఒకరు తుమ్మితే పక్కింటి కిటికీ మూసుకుంటోంది. ఎదురింటి హెడ్మాస్టరు గారు పొద్దున్నే గుమ్మం ముందు నిలబడి "బెడ్లు లేవట" అంటారు. సాయంత్రం మళ్ళీ వచ్చి "అస్సలు లేవట" అంటారు. నా గురించి నాకు బెంగ లేదు. మీ అత్తయ్యది ఉబ్బసం ఒళ్ళు. రేపు ఆవిడకి ఊపిరాడక తీసుకొస్తే, గేటు దగ్గరే ఖాళీ లేదంటే నేనేం చెయ్యను? అది తలుచుకుంటే ముద్ద దిగడం లేదు.

అందుకని ఒక ఉపాయం చేశాను. బతుకంతా బస్సులో కండక్టరుగా చేసినవాణ్ణి. ఎంత రద్దీ బస్సయినా సరే, కిటికీలోంచి తువ్వాలు వేస్తే ఆ సీటు వాడిదే. పరాయివాడి తువ్వాలు తీసి కూర్చున్న మొనగాణ్ణి నా సర్వీసులో చూడలేదు. మా పై వాటాలో ఉండే అంబులెన్స్ డ్రైవరు చేతికి ఈ ఉత్తరంతో పాటు ఒక తువ్వాలు ఇచ్చాను. ఖాళీ అవగానే ఒక బెడ్డు మీద వేసెయ్. ఉతికిందే.

ఇట్లు,
మామయ్య

తా.క. కిటికీ పక్కదైతే మంచిది. వెనక చక్రం మీది సీటు లాంటిది మాత్రం వద్దు, మీ అత్తయ్యకి కుదుపు పడదు.

---

మామయ్యకి,

నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను. టీవీలో కసురుతున్నది నేనే.

ఆసుపత్రి బస్సు కాదు మామయ్యా. బెడ్డు ఎవరికీ ఆపి ఉంచరు. అత్తయ్యని గడప దాటనివ్వకు. కిటికీలు తీసి ఉంచు, మందు పీల్చడం మాననివ్వకు, నువ్వు బయటికి వెళ్తే మాస్కు పెట్టుకో. గడ్డానికి కాదు, ముక్కుకి. నీ మీసం నలిగితే నలగనీ. వేలికి పెట్టే మిషను డ్రైవరు చేత పంపుతున్నాను. అంకె తొంభై నాలుగు కంటే తగ్గితే అప్పుడు బయల్దేరండి. అంతవరకూ వద్దు.

నీ తువ్వాలు మాత్రం సమయానికి వచ్చింది. ఇక్కడ దుప్పట్లు ఉతికే మిషను చెడిపోయి కూర్చుంది. కట్టుబట్టలతో వచ్చిన ఒక పెద్దాయనకి ఒంటి కింద వెయ్యడానికి ఏమీ లేక, కిటికీ పక్క బెడ్డు మీద నీదే పరిచాను.

నీ మేనకోడలు

తా.క. అంబులెన్స్ వెనక్కి తీస్తుంటే నువ్వు ఈల వేసి "రానీ, రానీ" అన్నావట. ఆ డ్రైవరుకి అద్దాలున్నాయి, అనుభవమూ ఉంది. నువ్వు రానిచ్చింది గోడ మీదికట.

---

చిరంజీవి మేనకోడలికి,

దీవెనలు. నీ ఉత్తరం చూసి మీ అత్తయ్యా నేనూ కడుపు నిండా తిన్నాం. కిటికీ పక్కదే వేశావు. నా మేనకోడలివి అనిపించుకున్నావు.

"ఆపి ఉంచరు" అని ముందు రాశావు, "పరిచాను" అని వెనక రాశావు. నాకు అర్థమైంది. ఉద్యోగంలో ఉన్నవాళ్ళు అలాగే రాయాలి. నేను మాత్రం తలుపు మీద "నిలబడి ప్రయాణించరాదు" అన్న బోర్డు పెట్టుకుని ఎంతమందిని నిలబెట్టలేదు? ఆ పెద్దాయన్ని లేపకు, పాపం. ఆయన స్టేజి వచ్చేదాకా పడుకోనీ. ఎక్కడ దిగుతాడో మాత్రం కనుక్కో.

ఈ సంగతి సెలూన్ ఆయనకి ఒక్కడికే చెప్పాను, అదీ చెవిలో. మధ్యాహ్నానికల్లా వీధివీధంతా మా గుమ్మంలో ఉంది. సెలూన్ ఆయన, హెడ్మాస్టరు గారు, టైలరమ్మ, ఆమె అత్తగారు, ఇంకా చాలామంది తువ్వాళ్ళు ఇచ్చారు. కాదంటే బాగుండదు. మూట కట్టి పంపుతున్నాను. కలిసిపోకుండా టైలరమ్మ ప్రతి దాని అంచుకీ వేరే రంగు దారం కుట్టింది.

ఇట్లు,
మామయ్య

తా.క. టైలరమ్మకీ వాళ్ళ అత్తగారికీ పక్కపక్క బెడ్లు వద్దు. ఇద్దరూ వేరువేరుగా వచ్చి నాకు ఈ మాటే చెప్పారు.

---

మామయ్యకి,

నమస్కారాలు. నిలబడి రాస్తున్నాను, అక్షరాలు కుదరకపోతే సర్దుకో.

మూట విప్పగానే మా వార్డు పెద్ద నర్సు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మిషను ఇంకా బాగవలేదు. గంట తిరక్కుండా అన్నీ మనుషుల కింద చేరాయి. సూపరింటెండెంటు గారు స్వయంగా వచ్చి చూసి, "ఆ వీధి చేసిన సాయం మరిచిపోను" అన్నారు. ఇంకా ఎవరైనా ఇస్తే పంపు.

కానీ ఇది సాయమే, రిజర్వేషన్ కాదు. అందరికీ విడమరిచి చెప్పు.

నీ మేనకోడలు

తా.క. కిటికీ పక్క పెద్దాయన ఎక్కడ దిగుతారని నిజంగానే అడిగాను. "ఇంటి దగ్గర" అన్నాడు. ఇన్నాళ్ళకి నవ్వాడు, అది నీ పుణ్యమే.

---

చిరంజీవి మేనకోడలికి,

దీవెనలు. సూపరింటెండెంటు గారి మాట వీధి మధ్యలో నిలబడి పైకి చదివాను. అందరూ చప్పట్లు కొట్టారు. కింది ముక్క చదవలేదు. దాని భావం నాకు తెలుసు గనక చదవనక్కర్లేదనిపించింది.

ఏమైతేనేం, వీధికి భయం వదిలింది. సెలూన్ ఆయన షట్టరు పైకెత్తి, మాస్కు మేకుకి తగిలించి, జుట్టు కత్తిరిస్తున్నాడు. హెడ్మాస్టరు గారి వరండాలో పేకాట మొదలైంది. "మనకేంటండీ, బెడ్డు ఉంది" అంటున్నారు అందరూ. వెనక వీధివాళ్ళు కూడా తువ్వాళ్ళు పట్టుకుని వస్తున్నారు. చిల్లులున్నవి వెనక్కి పంపేశాను. ఆసుపత్రికి ఒక మర్యాద ఉంది గదా.

మీ అత్తయ్య ఒక్కతే మూతి ముడుచుకుని కూర్చుంది. "మీకు కిటికీ దొరికిందని సంబరం, ఆ పిల్ల తిందో లేదో అడిగారా?" అంటోంది. తిన్నావా?

ఇట్లు,
మామయ్య

తా.క. హెడ్మాస్టరు గారు తన రిజర్వేషన్ వచ్చే నెలకి మార్చడం కుదురుతుందా అని అడుగుతున్నారు. ఈ నెల పేకలో చెయ్యి బాగా పడుతోందట.

---

మామయ్యకి,

తిన్నాను. ఇది కోపంతో రాస్తున్నాను, కూర్చుని చదువు.

నీ సెలూన్ ఆయన నిన్న జ్వరంతో వచ్చాడు. వెనకాలే పేకాటలో ఆయన జోడీ. సెలూన్ ఆయన వార్డులోకి వస్తూనే మంచాల మీది తువ్వాళ్ళ అంచులు వెతికాడు. ఆకుపచ్చ దారం ఉన్నది కనిపించగానే "ఇది నాది, ఈమెని లేపండి" అన్నాడు. ఆ బెడ్డు మీద ఉన్నావిడకి ఆక్సిజన్ పెట్టాం. ఆయన ఆమె కింద నుంచి తువ్వాలు లాగుతున్నాడు మామయ్యా. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఆయన్ని మధ్యాహ్నం దాకా వరండాలో స్ట్రెచర్ మీదే పడుకోబెట్టాల్సి వచ్చింది.

భయం వదిలిందని సంబరపడ్డావు. భయంతో పాటు జాగ్రత్త కూడా వదిలింది. ఒక్కసారి సూటిగా రాస్తాను. ఇక్కడ ఏ బెడ్డు మీదా ఎవరి పేరూ లేదు. ఎవరికి ఊపిరి ఎక్కువ కష్టంగా ఉంటే వాళ్ళు ముందు. రేపు నువ్వొచ్చినా వరసలోనే ఉంచుతాను. చిన్నప్పుడు నాకు జడలు వేసి బడికి పంపిన అత్తయ్య వచ్చినా అంతే. ఈ మాట రాయడానికి నాకెంత కష్టంగా ఉందో నీకు తెలియదు. మా మేనకోడలు ఉందిలే అని మాత్రం ఈ గేటు లోపలికి రాకు. అలా వస్తే రేపు ఇంకొకరిని వరండాలో ఉంచే మొహం నాకుండదు.

నీ మేనకోడలు

తా.క. సెలూన్ ఆయన గండం గడిచింది. డాక్టరు గారి క్రాఫు ఎవరు చేశారో గానీ వాణ్ణి ముందు ఈ వార్డులో చేర్చాలి అంటున్నాడు.

---

గౌరవనీయులైన నర్సు గారికి,

నమస్కారములు. మీ ఉత్తరం అందింది. మీ ఆదేశం ప్రకారం నిన్న మా వీధి మధ్యలో స్టూలు వేసుకుని, మాస్కు పెట్టుకుని, అసలు సంగతి అరిచి చెప్పాను. ఏ బెడ్డూ ఎవరిదీ కాదని, నేను అనుకున్నది తప్పని చెప్పాను. హెడ్మాస్టరు గారు నన్ను బెంచీ ఎక్కించినంత పని చేశారు. టైలరమ్మ దారం ఖర్చయిందని దెప్పింది. తర్వాత ఎవరిళ్ళలోకి వాళ్ళు వెళ్ళి తలుపులేసుకున్నారు. పేకాట లేదు. షట్టరు దించే ఉంది.

మీ అత్తయ్య క్షేమం. అంకె బాగుంది. నేనూ క్షేమం. అరవడం వల్ల కొంచెం దగ్గు.

ఇట్లు,
ఒక పౌరుడు

తా.క. పౌరుడు అని రాసినందుకు మీ అత్తయ్య నెత్తిన మొట్టింది. కాబట్టి మామయ్య అని చదువుకో. అయినా నాకు కోపం పోలేదు.

---

మామయ్యకి,

నమస్కారాలు. కోపం పోగొట్టుకో. నేను కటువుగా రాశాను. మాట వెనక్కి తీసుకోను గానీ, మనసు మాత్రం ఆ రోజు నుంచి మీ ఇంటి చుట్టూనే తిరుగుతోంది.

దగ్గు ఎలా ఉంది? దీనికి ముందు రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. "మామయ్య ఎలా ఉన్నాడు" అంటే డ్రైవరు టైర్ల వైపు చూసి "గాలి సరిగ్గానే ఉంది" అంటాడు. టైర్లకా, మామయ్యకా అంటే బండెక్కి వెళ్ళిపోతాడు. అత్తయ్యకి ఫోను చేస్తే "నిద్రపోతున్నారమ్మా" అంటుంది, ఎప్పుడు చేసినా సరే. నువ్వు అంత నిద్రపోయే మనిషివి కాదు.

ఇక్కడ కొంచెం తెరిపి. నువ్వు స్టూలెక్కిన తర్వాత మీ వీధి నుంచి ఊరికే పరిగెత్తుకొచ్చినవాళ్ళు లేరట. కింది అంతస్తులో మనుషులు చాలక మొన్న ఒక పూట నన్ను అక్కడ వేశారు. ఒక తాతగారు ఆక్సిజన్ మాస్కు పక్కకి లాగి, పక్క బెడ్డు ఆయన్ని కొంచెం జరగమని చేత్తో సైగ చేస్తున్నాడు. గట్టిగా కసిరాను. మరి నోరెత్తలేదు. నువ్వే గుర్తొచ్చావు, నువ్వైతే నాతో గంట వాదించేవాడివి.

ఒక్క ముక్క రాయి.

నీ మేనకోడలు

తా.క. ఏమీ తోచకపోతే నన్ను తిడుతూనైనా రాయి.

---

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య మనసారా దీవించి రాస్తున్నది.

కూర్చునే చదువుతున్నావు గదా. ఈ ఉత్తరం నేను నీ కాళ్ళ కింద నుంచి రాస్తున్నాను. అంటే కింది అంతస్తు నుంచి. ఆ తాతగారు నేనే.

దగ్గు అరవడం వల్ల కాదు. నీకు ఆ ఉత్తరం పంపిన రాత్రే జ్వరం వచ్చింది, అంకె పడిపోయింది. డ్రైవరు తీసుకొచ్చాడు. నీకు చెప్పవద్దని మీ అత్తయ్య చేతా అతని చేతా ఒట్టు వేయించుకున్నాను. అబద్ధాలాడి అలవాటు లేని మనుషులు, బాగా అవస్థ పడ్డారు. కౌంటర్లో కుర్చీలో ఉన్నాయన, "ఇక్కడ మీకు తెలిసినవాళ్ళు ఉన్నారా?" అని అడిగాడు. లేరన్నాను.

వరసలో కూర్చున్నాను. నా వెనక వచ్చిన ఒకావిడకి రొప్పు ఎక్కువగా ఉంటే ముందు ఆవిణ్ణి తీసుకెళ్ళారు. నాకు చాలా భయమేసింది అమ్మడూ. లేచి నీ పేరు చెబుదామని నోటి దాకా వచ్చింది. కానీ చెబితే ఆవిడ వెనక్కి వెళ్తుందేమో, నిన్ను నలుగురూ వేలెత్తి చూపిస్తారేమో అనిపించి నోరు నొక్కుకున్నాను. కాసేపటికి ఎవరో నయమై ఇంటికెళ్తే ఆ బెడ్డు నాకిచ్చారు. నువ్వు రాసినట్టే జరిగింది. ఒక్క అక్షరం తేడా లేదు.

మాస్కు బిగుతుగా కూర్చోవాలని మీసం తీసేశారు. అందుకే నువ్వు గుర్తుపట్టలేదు. నేను మాత్రం ఆ తెల్ల సంచిలో ఉన్నా నిన్ను గుమ్మంలోనే పోల్చుకున్నాను. నువ్వు కసిరావు. చిన్నప్పుడు ఎత్తుకున్న పిల్ల చేత తిట్లు తింటూ నేను లోపల ఎంత పొంగిపోయానో చెప్పలేను. మాస్కు లోపల ఏడిస్తే ఊపిరి అందదని అప్పుడే తెలిసింది.

ఇప్పుడు బాగున్నాను. మీ అత్తయ్యకి అంటుకోలేదు. ఇవాళ ఇంటికి పంపించేస్తున్నారు.

ఇట్లు,
మీసం లేని మీ మామయ్య

తా.క. పంపేముందు ఇక్కడి నర్సమ్మ, "తీసుకెళ్ళడానికి మీవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగింది. ఈసారి ఉన్నారని చెప్పాను. డ్యూటీ దిగాక కిందికి రా.