గోడ కింద వెదురుబద్ద

అక్కయ్యా, కార్డు చూసి కంగారుపడకు, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం.

నాలుగు రోజులుగా వంటింటి నీళ్లు పోవడం లేదు. నిన్న పెరట్లోని మురుగు గొట్టంలో నేనే వెదురుబద్ద దూర్చాను. రెండు బారలు పోయి ఆగింది. గట్టిగా తోస్తే మళ్లీ నా మీదికే వచ్చింది. గంటసేపు ఇదే వరస, నాకు బొత్తిగా మతిపోయింది. అప్పుడు గోడ అవతల నుంచి మన చిన్న తమ్ముడి గొంతు వినిపించింది. "అన్నయ్యా, నువ్వు తొయ్యకు. లాగు, నేను తోస్తాను." వాడూ అటునుంచి అదే గొట్టంలో బద్ద పెట్టి తోస్తున్నాడన్నమాట. ఇల్లు పంచుకుని గోడ కట్టుకున్నాక ఈ రెండేళ్లలో వాడు నాతో అన్న మొదటి మాట ఇదే. లాగాను. గోనెగుడ్డ ముద్ద ఒకటి, దాని వెనకే వాడి బద్ద వచ్చేశాయి. నీళ్లు గడగడా పోయాయి.

నాన్న ఆ గొట్టానికి వాలు ఎటు పెట్టించాడో నీకేమైనా గుర్తుందా? బావగారి మోకాలు నొప్పి తగ్గిందా? మా ఆవిడ అక్కడ మరిచిపోయిన కళ్లజోడు ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. పిల్లలకు నా దీవెనలు.

వాడి బద్ద నా దగ్గరే ఉండిపోయింది. గోడ మీంచి అందించనా, వీధి గుమ్మంలోంచి వెళ్లి ఇవ్వనా? వెంటనే రాయి.

నీ పెద్ద తమ్ముడు