గోనెసంచిలో వచ్చిన గడ్డి

గౌరవనీయులైన మామయ్యగారికి,

మీ అల్లుడు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ అమ్మాయి, చిన్నది ముగ్గురమూ కులాసాగా ఉన్నాం. మీరు మా ముగ్గురికంటే ముందు అడిగే నాలుగోది, అంటే గడ్డి, మాకంటే కులాసాగా ఉంది. అత్తయ్యగారి మోకాలి నొప్పి తగ్గిందని మీ ఉత్తరంలో చదివి మీ అమ్మాయి ఊపిరి పీల్చుకుంది. మెట్లు తనంతట తానే ఎక్కుతున్నారా, ఇంకా ఎవరో ఒకరి భుజం పట్టుకుంటున్నారా అన్నది ఆమె ప్రశ్న. దీనికి మీరు జవాబు రాయొద్దట, అత్తయ్యగారి చేతే రాయించాలట. మీరు రాస్తే అంతా బాగానే ఉందని రాసేస్తారని ఆమె అనుమానం.

ఇక మీరు అడిగినవాటికి జవాబులు. కోసిన మర్నాడు ఆకుల కొసలు తెల్లబడుతున్నాయా అన్నారు. తెల్లబడ్డాయి, మామయ్యగారూ. మీరు ఊహించినట్టే బ్లేడు మొద్దుబారిపోయింది. సాన పట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్తే వేలితో అంచు తడిమి చూసి, "దీంతో గడ్డి కోస్తున్నారా, నిమురుతున్నారా?" అన్నాడు. పదును పెట్టించాక కోత చూస్తే నాకే ముచ్చటేసింది. కొసలు శుభ్రంగా, సమంగా ఉన్నాయి.

కుళాయి పక్కన నీళ్లు నిలుస్తున్న చోట మీరు చెప్పినట్టే ముళ్లపారతో జానెడు లోతున గుచ్చి, ఇసుకా చివికిన ఎరువూ కలిపి చల్లి, చీపురుతో ఆ రంధ్రాల్లోకి ఊడ్చాను. మొన్న వాన పడితే వరండాలో నిలబడి గడియారం చూశాను. రెండు నిమిషాల్లో ఇంకిపోయింది. నీళ్లు వారానికి రెండుసార్లే పెడుతున్నాను, అదీ పొద్దున్నే, వేలు గుచ్చితే రెండు కణుపులదాకా తడి తగిలేటట్టు. ఇదివరకు నేను రోజూ సాయంత్రం గొట్టం పట్టుకుని కాసేపు చిలకరించి, పెద్ద పని చేసినట్టు లోపలికి వచ్చేవాణ్ని. అలా చేస్తే వేళ్లు లోపలికి దిగాల్సిన అవసరమే ఉండదని మీరు రాసేదాకా నాకు తట్టలేదు.

ఎత్తులో మూడోవంతుకి మించి కోయొద్దన్న మాట కూడా దాటడం లేదు. ఒకరోజు మీ అమ్మాయి, "ఒక్కసారి గుండు కొట్టేస్తే పదిహేను రోజులు హాయి కదా" అంది. నేను మీ ఉత్తరం తెచ్చి చదివి వినిపించాను. "మా నాన్న మాటలు నాకే అప్పజెబుతున్నారా!" అని ఒకటే నవ్వు. తూర్పు గోడ నీడలో మాత్రం ఇంకా పలచగానే ఉంది. అక్కడ కాస్త పొడుగ్గా వదిలేయమన్నారు కదా, వదిలేశాను. తుంగ కనిపిస్తే పైన తుంచకుండా కింది గడ్డతో సహా లాగుతున్నాను. చిన్నదానికి ఈ గొడవలేం పట్టవు. పరుగెత్తుకుంటూ వచ్చి కావాలనే పడిపోతుంది, లేస్తుంది, మళ్లీ పడుతుంది. ఏడాది కిందట ఆ జాగాలో పడి ఉంటే మోకాళ్లు చెక్కుకుపోయేవి.

ఆ జాగా ఎలా ఉండేదో నాకంటే మీకే బాగా తెలుసు. మేం ఈ ఇంటికి మారిన కొత్తలో మీరు వచ్చి, సంచి లోపల పెట్టకముందే పెరట్లో చెప్పులు విప్పి నిలబడ్డారు. ఇటుక ముక్కలు, సున్నం పెళ్లలు, ఇల్లు కట్టినవాళ్లు వదిలేసిపోయిన మేకులు. గుప్పెడు మట్టి తీసి పిసికి చూసి, "మట్టి మంచిదే బాబూ, పైన చెత్త ఎక్కువైంది, అంతే" అన్నారు. మర్నాడు పొద్దున నేను లేచేసరికే మీరు మోకాళ్ల మీద కూర్చుని రాళ్లు ఏరుతున్నారు. నాలుగు రోజులుంటానని వచ్చి మూడో రోజునే వెళ్లిపోయారు.

వెళ్లిన ఎనిమిదో రోజున దూరప్రయాణాల బస్సు డ్రైవరు ఒకాయన మా తలుపు తట్టి, తడిపిన గోనెసంచి చేతిలో పెట్టాడు. "పెద్దాయన చెప్పి పంపారని నాలుగుచోట్ల బస్సాపి నీళ్లు చల్లానండీ. నేను ప్రయాణికుల్ని తెస్తున్నానా, పసిపిల్లని తెస్తున్నానా అర్థం కాలేదు" అన్నాడు. విప్పితే మీరు పనిచేసే ఆటమైదానం గడ్డి, వేళ్లతో సహా. లోపల ప్లాస్టిక్ కవరులో మీ చేతిరాత. నాలుగు వేళ్ల ఎడంతో ఎలా నాటాలో, నాటాక పలక వేసి ఎలా తొక్కాలో, మొదటి పది రోజులు ఎన్నిసార్లు తడపాలో, బొమ్మలు వేసి మరీ. ముప్పై ఏళ్లు కోత యంత్రం మోతలో పనిచేసి మీ చెవులు మందగించాయి గనుక ఫోనులో మాట్లాడటం కష్టమని, ఏ సందేహం వచ్చినా ఉత్తరం రాయమని చివర్లో రాశారు. అలా మొదలైన ఉత్తరాలు ఇప్పటికి పందొమ్మిది అయ్యాయి.

నా తొందర సంగతి కూడా మీరు మరిచిపోయి ఉండరు. మూడో నెలలో, ఇంకా పచ్చగా చేద్దామని మిట్టమధ్యాహ్నం యూరియా గుప్పిళ్లతో చల్లి, నీళ్లు పెట్టడం మరిచి ఆఫీసుకు వెళ్లిపోయాను. రెండు రోజుల్లో చొక్కా మీద ఇస్త్రీపెట్టె మరిచిపోయినట్టు గోధుమరంగు మరకలు. తిడతారనుకుంటూనే మీకు రాశాను. మీరేమన్నారు? "నేనూ మొదటి ఏడాది మైదానం నడిమధ్యలోనే మాడ్చాను బాబూ, వందలమంది చూశారు. మిమ్మల్ని చూసింది ఇంట్లోవాళ్లేగా. వారం రోజులు బాగా నీళ్లు పట్టండి. ఎరువు సంచి మాత్రం మీ కంటికి కనపడని చోట పెట్టమని అమ్మాయికి చెప్పండి." ఆ ఉత్తరం చదివి మేమిద్దరం నవ్వుకున్నాం. నేను మాత్రం నవ్వాక చాలాసేపు ఒంటరిగా కూర్చున్నాను. ఎందుకో ఇప్పుడు చెబుతాను. ఇంతసేపూ గడ్డి గురించి రాసింది, ఈ మాట రాయడానికి ధైర్యం చాలకే.

పోయిన ఆదివారం సాయంత్రం మా ఆఫీసువాళ్లు నలుగురు టీకి వచ్చారు. మేం లిఫ్టులు తయారుచేసే కంపెనీలో పని చేస్తాం గదా, మా విభాగానికి పెద్ద మేనేజరు ఒకాయన ఉన్నారు. క్షణం అటూ ఇటూ కాకుండా వస్తారని మేం చాటున ఆయన్ని గంటస్తంభం అంటాం. ఆయన గేటు తీసుకుని వస్తూనే ఆగిపోయారు. బూట్లు, మేజోళ్లు విప్పి, ప్యాంటు మడిచి, గడ్డి మీద అటూ ఇటూ నడిచారు. నేలమీద పరుపు వేసినట్టుందయ్యా అన్నారు. తర్వాత నాతో,

"అప్పుడొకసారి నేను వచ్చినప్పుడు ఇక్కడ రాళ్లు ఏరుతూ ఉన్నాడే, మీ తోటమాలి, ముసలతను! అతన్ని ఒకసారి మా ఇంటికి పంపు. మూడుసార్లు గడ్డి వేయించాం, మూడుసార్లూ ఎండిపోయింది" అన్నారు.

మీ అమ్మాయి టీ పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. మా ఇంట్లో ఏనాడూ తోటమాలి లేడని ఆమెకు తెలుసు. ఇక్కడ రాళ్లు ఏరిన పెద్దాయన ఎవరో కూడా తెలుసు.

మామయ్యగారూ, మీరు వచ్చిన రెండో రోజు జరిగింది ఇది. నాకు కొత్తగా పెద్ద హోదా వచ్చిన రోజులవి. మేనేజరుగారు ఏవో కాగితాల కోసం కారు ఆపి లోపలికి వచ్చారు. చెమటతో తడిసిన బనీనుతో మీరు మట్టిలో కూర్చుని ఉన్నారు. ఆయన మిమ్మల్ని చూసి, "కొత్త తోటమాలా? పనిమంతుడిలా ఉన్నాడే" అన్నారు. నేను "ఆఁ" అన్నాను.

అంతే. ఒక్క అక్షరం. "కాదు, మా మామగారు" అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ కాస్త మాట నా నోట రాలేదు. మీ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ రాళ్లు ఏరింది. ఆయన వెళ్తూ దారిలో ఉన్న బుట్టను చేత్తో చూపించి, "అది పక్కకి తియ్యి" అన్నారు, మీతో. తియ్యండి అని కాదు, తియ్యి. మీరు తీశారు. తల ఎత్తలేదు.

మీకు సరిగా వినపడదు గనుక ఆ మాట మీ చెవిన పడి ఉండదని నాకు నేను చెప్పుకున్నాను. నా తప్పును మీ చెవుల మీద పెట్టి ఏడాది గడిపేశాను. మీ ఉత్తరం వచ్చిన ప్రతిసారీ, వినపడి ఉంటే ఇంత ఆప్యాయంగా రాస్తారా అని ధైర్యం తెచ్చుకునేవాణ్ని. ఆ వెంటనే, వినపడీ రాస్తున్నారేమో అనిపించి ఉత్తరం మడిచేసేవాణ్ని.

ఆదివారం మాత్రం నోరు పెగిలింది. "ఆయన తోటమాలి కాదు సార్. ఈవిడ నాన్నగారు, మా మామగారు. పెద్ద ఆటమైదానంలో గడ్డి పెంచడం ఆయన పని. ముప్పై ఏళ్లుగా అదే చేస్తున్నారు. ఇదంతా ఆయన నేర్పిందే" అన్నాను.

"మరి ఆ రోజు నువ్వు..."

"ఆ రోజు అబద్ధం చెప్పాను సార్. సిగ్గుపడి చెప్పాను."

గంటస్తంభం గారి ముఖం ఎర్రబడింది. నన్ను ఏమన్నా అంటారనుకున్నాను. ఆయన మీ అమ్మాయి వైపు తిరిగి, "అమ్మా, నేనాయన్ని తియ్యి అన్నాను. బుట్ట తియ్యి అన్నాను" అని, టీ తాగకుండానే గట్టు మీద కూర్చుండిపోయారు. వెళ్లేముందు మీ చిరునామా రాసుకున్నారు. ముందు క్షమాపణ అడుగుతారట, ఆ తర్వాతే వాళ్ల గడ్డి సంగతి. ఇష్టముంటేనే జవాబివ్వండి.

అందరూ వెళ్లాక మీ అమ్మాయి కప్పులు కడుగుతూ, నావైపు చూడకుండా అడిగింది.

"మా నాన్నకి వినపడిందా?"

"తెలియదు. వినపడలేదనే అనుకున్నాను."

"వినపడింది. మైదానంలో రోలరు పాడైందని కబురొచ్చిందన్నారు, ఒక రోజు ముందే వెళ్తానన్నారు. కబురు ఎలా వచ్చింది? ఆయన ఫోను రెండు రోజులూ నా దగ్గరే ఉంది." కప్పు బోర్లించి చేతులు తుడుచుకుంది. "నేను అరవను. మీరే ఆయనకి రాయండి. ఒక్క ముక్క కూడా దాచకుండా రాయండి."

రెండు రోజులు ఆమె నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున నేను నీళ్లు పడుతుంటే వచ్చి పక్కన నిలబడింది. "నా చిన్నప్పుడు మా నాన్న నన్ను మైదానానికి తీసుకెళ్లేవారు. ఆట చూడటానికి కాదు. అందరూ వెళ్లిపోయాక, చెప్పుల్లేకుండా నడవటానికి" అంది. ఆ మాట ఆమె నాకు చెప్పడం అదే మొదటిసారి. పెళ్లయిన తొమ్మిదేళ్లలో మీ పని గురించి నేను ఒక్కసారైనా అడిగి ఉంటే ఎప్పుడో చెప్పేది.

మామయ్యగారూ, నా ముందే మిమ్మల్ని ఒకరు ఏకవచనంతో పిలిచారు, నేను చూస్తూ ఊరుకున్నాను. పది రోజులు తిరగకుండా మీరు నా పెరటికి గడ్డి పంపారు, నాలుగుచోట్ల నీళ్లు చల్లించి మరీ. నేనైతే పంపేవాణ్ని కాదు. మీ ఎత్తు నాకు ఇంకా అందలేదు, అందుతుందన్న నమ్మకమూ లేదు. మీకు కృతజ్ఞతలు చెప్పాలని ఎన్ని ఉత్తరాల్లోనో ప్రయత్నించి, గడ్డి పచ్చగా ఉందని మాత్రం రాసి ఊరుకున్నాను. ఈసారి సూటిగా చెబుతున్నాను. మీరు నాకు చేసిన మేలు ఎంత పెద్దదో నాకు తెలుసు. నన్ను క్షమించమని అడుగుతున్నాను. కోప్పడాలనిపిస్తే కోప్పడండి. ఆ హక్కు మీకు ఏడాదిగా ఉంది.

వచ్చే శనివారం మేం ముగ్గురం బయలుదేరి వస్తున్నాం. మీ అమ్మాయీ చిన్నదీ అత్తయ్యగారి దగ్గర దిగిపోతారు. నేను మాత్రం తిన్నగా మైదానానికే వస్తాను. ఆ రోజు ఆట ఉందని మీరే రాశారు. రోలరు తోయమంటే తోస్తాను, గీతలకి సున్నం పోయమంటే పోస్తాను, ఊరికే మీ పక్కన నిలబడమన్నా నిలబడతాను. ఆటగాళ్లో, పెద్దమనుషులో ఎవరో ఒకరు వచ్చి నన్ను చూపించి "ఎవరితను?" అని మిమ్మల్ని అడుగుతారు. ఏం చెప్పాలన్నది పూర్తిగా మీ ఇష్టం. మీరేం చెబితే దానికి నేను తలూపుతాను.

ఇట్లు,
మీరు ఒప్పుకుంటే
మీ అల్లుడు