తుడిచి పెట్టిన వైర్లు

అత్తయ్యా, నేను బయల్దేరుతున్నాను. హాల్లో అల్మరా మీద మిణుకుమిణుకుమంటున్న ఇల్లంతటికీ నెట్ పంచే కొత్త స్విచ్ పెట్టె ఉందే, దాని వైర్లు మాత్రం పీకకండి. దుమ్ము కనిపిస్తే పైపైన దులపండి, చాలు.

పాత పెట్టెలో ఏ వైరు ఏ కన్నంలో గుచ్చినా నడిచేది. ఇందులో ఒక్కో కన్నానికీ ఒక్కో పని అప్పజెప్పాను. మీరేమో నిన్న అన్నీ పీకి, శుభ్రంగా తుడిచి, పొట్టివీ పొడుగువీ వరసగా సర్దారు. చూడముచ్చటగానే ఉంది. కానీ నా ఆఫీసు మీటింగు మధ్యలో తెగిపోయింది, మీ అబ్బాయి ప్రింటర్ మూగబోయింది. సాయంత్రమంతా నేలమీద కూర్చుని మళ్ళీ సరిచేసేసరికి నా నడుం పడిపోయింది. ఇప్పుడు ప్రతి వైరుకీ, దాని కన్నానికీ ఒకే రంగు కాగితం అంటించాను. పీకక తప్పకపోతే రంగుకి రంగు కలపండి.

అన్నట్టు, ఇంట్లో ఎవరేం వాడుతున్నా నెట్ ముందు మీ గదికే వెళ్ళేలా పెట్టాను. వీడియోలో మాట్లాడుతుంటే మీ అక్కయ్యగారి మొహం మాటిమాటికీ ఆగిపోతోందని మీరు నాతో అనలేదు, గోడతో చెప్పుకున్నారు. గోడలకు చెవులుంటాయంటారు. నాకూ ఉన్నాయి అత్తయ్యా. ఈసారి నాకే చెప్పండి.